నలభై నీళ్ళ నాటి పరుపు

"వీడు ఈ పూట కూడా అన్నం ముట్టకపోతే రేపటికి లేవడయ్యా. నేను చెప్తా ఉండా, గుర్తుపెట్టుకో," అన్నాను.

అప్పటికింకా పొయ్యి కూడా రాజేయలేదు.

మా ఆయన పీర్ సాహెబ్ పంచలో కూర్చుని దూదేకే విల్లుకు తాడు బిగించుకుంటున్నాడు. తలెత్తకుండానే, "పొద్దున్నే లేచి ఎవర్నో ఒకర్ని చంపితే గానీ నువ్వు పొయ్యి రాజేయవు గదా మే," అన్నాడు.

"నా నోరు అట్టాంటిదే. నువ్వు వాణ్ణి చూసి మాట్లాడు."

చూడడు. కొడుకు వైపు చూడడం మానేసి చాలా దినాలయింది ఆయన. రహ్మాన్ గోడకు ఆనుకుని ఉత్త నేల మీద కూర్చున్నాడు. ఇరవై దాటిన పిల్లోడు, ఎముకల గూడయినాడు. మా కోట ఊళ్ళో ఏ ఇంట్లో పెళ్ళయినా పరుపులు కుట్టేదానికి వాణ్ణే పిలిచేవాళ్ళు. ఇప్పుడు వాడు పరుపు మీద పడుకోడు. దిండు పెడితే తీసి దొడ్లోకి గిరాటేసినాడు. బాన దగ్గర చేరి చేతులు కడుక్కుంటాడు, కడుక్కున్నవే కడుక్కుంటాడు. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది.

మాటయితే అసలే లేదు. మా ముంతాజ్ బిడ్డను మట్టి చేసి వచ్చిన దినాన పోయింది వాడి మాట.

పోయింది అక్క బిడ్డ. కన్నతల్లి ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పొయ్యి దగ్గర చేరి నాకు సాయం చేస్తా ఉంటే, మేనమామకేంది ఇంత? వీధిలో అందరూ ఇదే అడుగుతారు. నేనూ అదే అడుక్కుంటాను.

"అమ్మా, గంజి నేను పట్టిస్తాలే," అంది ముంతాజ్. "నువ్వు వాడి ఎదురుగా నిలబడి కళ్ళొత్తుకోబాక. ఆ కళ్ళు చూస్తే ఎవరికైనా గొంతు దిగదు."

దాని మాట ఎప్పుడూ అట్టాగే ఉంటుంది. పురిటికి వచ్చిన దినం నుంచీ నాతో తగువే. బిడ్డకు నేను మూడు తాయెత్తులు కడితే, ఆ బరువుకే వాడు తలెత్తలేకుండా ఉండాడని నవ్వింది. నలభై నీళ్ళు దగ్గర పడినప్పుడయితే బిడ్డను నా ఒళ్ళో వేయడమే మానేసింది. 'ఇప్పుడే నిద్రపోయినాడు, లేపబాక' అనేది. మనవణ్ణి కడుపారా ఎత్తుకున్నది కూడా లేదు నాకు.

బిడ్డ పుట్టిన నలభయ్యో దినం తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసి, బిడ్డను తొట్టెలో వేస్తాం మేము. ఆ తొట్టెలోకి రహ్మాన్ ఒక చిన్న పరుపు కుట్టినాడు. మూరెడు కూడా ఉండదు. అంత మెత్తటి పరుపు మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఆ వారం తిరక్కుండానే తొట్టె ఖాళీ అయింది.

వీధిలో నుంచి ఎవరో పిలిచినారు. కోమట్ల వీధి ఆమె, పనిమనిషి నెత్తిన పాత పరుపు పెట్టించుకుని వచ్చింది. మా ఆయన లేచి ఎదురుపోయినాడు. చెయ్యి పెట్టకముందే అలవాటు ప్రకారం అడిగినాడు.

"బతికుండేవాళ్ళదేనా తల్లీ?"

మా పనిలో ఇది అడగకుండా పరుపు కుట్టు విప్పరు. చనిపోయినవాళ్ళు పడుకున్న పరుపును ఊరి బయట పారేయాల్సిందే గానీ మళ్ళీ ఏకకూడదు. మా ఆయనకు వాళ్ళ నాయన నేర్పినాడు, రహ్మాన్‌కు ఈయన నేర్పినాడు.

"మా పెద్దోడిదే సాహెబూ. గుండ్రాయి మాదిరి ఉండాడు. వాడి బరువుకే దూది రాయయి పోయింది," అందామె.

మేము నవ్వబోయినాం. వెనక్కి తిరిగి చూస్తే రహ్మాన్ రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు. లేచి, గోడ పట్టుకుని, బాన దగ్గరికి పోయినాడు. నీళ్ళ చప్పుడు మొదలయింది.

"చూసినావా, పరుపు పేరెత్తితే చాలు వాడికి ఏందో అవతా ఉండాది. నాకు భయంగా ఉండాదయ్యా," అన్నాను.

"నీకు ఎప్పుడు లేదు గనక," అన్నాడాయన. గొంతులో మాత్రం ఎగతాళి లేదు.

మధ్యాన్నం మా బావ హజరత్తయ్య వచ్చినాడు. మా ఆయనకు అన్న. ఇంటికి పెద్ద. వచ్చీ రాగానే మంచం మీద కూర్చుని, "బేస్తవారం బయల్దేరతాం. బండి మాట్లాడినా," అన్నాడు.

ఎక్కడికో మాకు తెలుసు. దక్షిణాన ఉండే దర్గాకు. అక్కడ గాలి సోకినవాళ్ళను రాతి స్తంభానికి సంకెలతో కట్టి ఉంచుతారు. నేనూ మొక్కుకున్నదాన్నే. ఆ దర్గా గంధం మా బిడ్డలందరి నుదుటనా పెట్టినదాన్నే. కానీ ఆ సంకెల చప్పుడు ఒకసారి విన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో బావి గిలక గొలుసు మోగినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

"వాణ్ణి చూడు బావా. కట్టేస్తే వారం కూడా బతకడు," అన్నాను.

"కట్టకపోతే బతుకుతాడా? ఇంట్లో పెట్టుకుని చూస్తా కూర్చోండి."

అప్పుడు ముంతాజ్ తలుపు చాటు నుంచి, "పెదనాయనా, నెల్లూరులో ఒకామె ఉండాదంట," అంది. "సంతపేటలో. నవోమి అని. మదరాసులో చదువుకొని వచ్చిందంట. సూదీ మందూ ఏమీ లేదు. కూర్చోబెట్టి మాట్లాడతాదంట. చేపల నాగులమ్మ చెప్పింది. వాళ్ళాయన పడవ తిరగబడి బతికొచ్చినాక నీళ్ళు చూస్తే వణికేవాడు గదా, ఆమె దగ్గరికి పోయినాకనే మళ్ళీ వల పట్టినాడంట."

"మాట్లాడతాదా?" హజరత్తయ్య నవ్వినాడు. "మాట్లాడేదానికి నెల్లూరు దాకా ఎందుకు? మీ అమ్మ మాట్లాడేది చాలకనా?"

నాకూ నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఏడుపొచ్చింది.

"అయినా ఆ కిరస్తానం ఆమె ఏ పల్లె నుంచి వచ్చిందో తెలుసా మీకు? మాలపల్లెలో బడిపంతులు కూతురు. అక్కడ బెంచీ మీద చాపలోళ్ళూ బాపనోళ్ళూ ఒకే వరసలో కూర్చోవాలంట."

మా ఆయన విల్లు పక్కన పెట్టినాడు. అన్న మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి.

"మనల్ని ఏ వరసలో కూర్చోబెట్టినారన్నా ఇన్నాళ్ళూ?" అన్నాడు. "తురకోళ్ళు మీరు మావాళ్ళు కాదంటారు. హిందువులు మావాళ్ళు కాదంటారు. దూదేకులోళ్ళంటే అందరికీ నవ్వు. ఒక బెంచీ మీద కూర్చోమనేవాళ్ళు ఉంటే కూర్చుంటాం."

బావ లేచి చెప్పులేసుకున్నాడు.

"సరే. రేపొక్క దినం మీది. బేస్తవారం పొద్దున నేను వచ్చేసరికి వాడి నోట ఒక్క మాట రాకపోతే, నాతో పంపాల. అడ్డం రాకూడదు. మాటేనా?"

"మాటే," అన్నాడు మా ఆయన.

ఇద్దరూ నన్ను మాత్రం అడగలేదు.

* * *

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరినాం. దారి తెలుసని నాగులమ్మ కూడా వచ్చింది. గూడూరులో బస్సు మారినాం. బస్సు బోల్తా పడుతుందేమోనని నేను, వీడు దూకుతాడేమోనని నేను, అన్నీ నేనే. ముంతాజ్ తమ్ముడి చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చూస్తా ఉంది.

మనుబోలు దగ్గర బస్సు ఆగినప్పుడు రహ్మాన్ భుజం మీది తువ్వాలు తీసి ముఖం మీద కప్పుకున్నాడు. బస్సు కదిలి ఊరు దాటినదాకా తీయలేదు. ఎండ కొడతా ఉందేమో అనుకున్నాను. ఆ పక్క ఎండ లేదు.

నవోమి ఇల్లు పెంకుటిల్లు. పంచలో పొడుగాటి బెంచీ ఒకటే. దాని మీద ఒక చివర నాగులమ్మ గంప పెట్టుకుని కూర్చుంది. పట్టుపంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన కూర్చోకుండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"కూర్చో సామీ," అంది నాగులమ్మ. "ఈ దినం గంపలో చాపల్లేవు. వాసన ఒకటే ఉండాది. అది కరవదు."

ఆయన కాసేపు చూసి, బెంచీ ఆ చివర అంచు మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళ కింద కూడా మా రహ్మాన్‌కు ఉన్నట్టే నల్లగా ఉంది. ఎవరి ఇంట్లో ఏముందో.

మా వంతు వచ్చింది. నవోమి మా నలుగుర్నీ రమ్మనింది. లోపల గదిలో చాప పరిచి ఉంది. ఆమె కూడా చాప మీదే కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి, తెల్ల కోక, చేతికి గడియారం. డాక్టరమ్మలాగా లేదు. బడిలో టీచరమ్మలాగా ఉంది. నాకు సగం ధైర్యం పోయింది.

"రహ్మాన్, నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"ఎక్కడమ్మా. కళ్ళు మూయడు," అన్నాను.

"ఏమైనా తినబుద్ధి అవుతుందా?"

"గంజి. అదీ వాళ్ళక్క పట్టిస్తేనే."

"ఇక్కడికి రావడం నీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేకేమమ్మా, నోరులేక గానీ..."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో.

"అమ్మా, మీరు చెప్పేవన్నీ నాకు కావాలి. మీ వంతు వస్తుంది. కానీ అతని వంతు కూడా మీరే చెప్పేస్తున్నారు. కాసేపు అతని చోటు అతనికి వదలండి. జవాబు రాకపోయినా సరే."

"రాకపోతే రేపు వాణ్ణి కట్టేస్తారమ్మా." నా నోటి నుంచి వచ్చేసింది.

సంగతంతా మా ఆయన చెప్పినాడు. అన్నకు ఇచ్చిన మాట కూడా చెప్పినాడు. ఆమె విని, "మొక్కుకోండి. దర్గాకు వెళ్ళండి. నేను వద్దనను," అంది. "సంకెల వద్దు. అవసరమైతే మీ అన్నగారితో నేను మాట్లాడతాను. ఆయన కూడా ఈ పిల్లాడి మీద ప్రేమతోనే కదా తిరుగుతున్నాడు."

ఆ తర్వాత ఆమె రహ్మాన్‌ను ఒకటి రెండు అడిగింది. అడిగి ఊరుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాడు తన చేతులకేసి చూసుకుంటా ఉన్నాడు. బయట రిక్షా గంట మోగింది. ఇంక ఏమీ లేదు.

చివరికి ఆమె లేచింది. "ఈ రోజుకు చాలు. మళ్ళీ రండి. మాట రావడానికి గడువు పెట్టలేం," అంది.

గడువు పెట్టింది మేమే గదా. అయిపోయింది, రేపు బండి వస్తుంది, నా బిడ్డను స్తంభానికి కడతారు, వాడు నీళ్ళడగడానికి కూడా నోరు తెరవడు, అక్కడే రాలిపోతాడు. ఇవన్నీ నా కళ్ళకు కనపడినాయి.

మా ఆయన జేబు తడుముకున్నాడు. "ఏం ఇచ్చుకోమంటారమ్మా?"

"నాగులమ్మ ఏం ఇచ్చుకుంటుందో అడగండి, ఎండుచేపలు," అని నవ్విందామె. "మీరు దూదేకే వాళ్ళట కదా. నా దిండు గడ్డలు కట్టేసింది, మెడ పట్టేస్తుంది. అది ఏకి పెడితే చాలు."

లోపలికి పోయి పాత దిండు ఒకటి తెచ్చింది. గళ్ళ గుడ్డ, అంచులు చిరిగినాయి. మా ఆయన చెయ్యి చాపినాడు. చాపుతూనే, అలవాటు ప్రకారం అడిగినాడు.

"బతికుండేవాళ్ళదేనా తల్లీ?"

"కాదు," అందామె. "మా నాయనది. క్రీస్తుదాసు గారని, బడిపంతులు. దీని మీదే పోయినాడు. పారేయడానికి మనసు రాలేదు. అప్పటి నుంచి నేనే పడుకుంటున్నా."

మా ఆయన చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ఇది మేము ముట్టకూడదమ్మా."

"ఎందుకని సాహెబు గారూ?"

"చనిపోయినోళ్ళ దూది బతికుండేవాళ్ళ ఒంటి కిందికి రాకూడదు. వచ్చిందా..." అని ఆగిపోయినాడు.

"వస్తే?"

నేను చెప్పబోయి కొంగు కొరికి పట్టుకున్నాను. ఎందుకంటే రహ్మాన్ తలెత్తినాడు.

ఎన్ని దినాల తర్వాతో వాడు ఒక మనిషి ముఖం చూసినాడు. ఆమెను పాపిట నుంచి కాలివేళ్ళ దాకా చూసినాడు. ఆమె నీడ నేల మీద పడతా ఉందో లేదో కూడా చూసినట్టే అనిపించింది నాకు.

ఆమె అది కనిపెట్టింది. మళ్ళీ చాప మీద కూర్చుంది. దిండును మధ్యలో పెట్టింది.

"వస్తే ఏమవుతుంది రహ్మాన్?"

మా ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయినాడు. బెంచీ మీద నాగులమ్మ ఆవలించడం వినపడింది. మూలన బల్లి ఒకటి పురుగు కోసం కదలకుండా పొంచి ఉంది. నాకు ఊపిరి తీసుకోవాలంటే భయమయింది. నా ఊపిరి చప్పుడుకు వాడు మళ్ళీ తల దించేస్తాడని.

"పసిబిడ్డ పోతాడు," అన్నాడు.

నా కొడుకు గొంతేనా అది. తుప్పు పట్టిన గడియ తీసినట్టు ఉంది.

ముంతాజ్ వాడి చెయ్యి వదల్లేదు. వదల్లేదు గానీ, పట్టుకున్న చెయ్యి రాయి మాదిరి అయిపోయింది. నాకు కనపడతా ఉంది.

"మనుబోలులో పెద్దిల్లు," అన్నాడు రహ్మాన్. నేలను చూస్తూ, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "బూరుగుదూది పరుపు. అడిగినా నేను. బతికుండేవాళ్ళదేనా అని అడిగినా. ఆ ముసలామె పలకలా. కొంగు కళ్ళకు పెట్టుకొని లోపలికి పోయింది. పలకకపోతే మూట కట్టకుండా వచ్చేయాల. నాయన నేర్పినాడు. నాకు తెలుసు."

"అబ్బయ్యా..." అన్నాడు మా ఆయన.

"తెల్లగా ఉండింది నాయనా. నురగ మాదిరి. అట్టాంటి దూది మనింట్లో ఏనాడుంది? మిగతాదంతా వాళ్ళకే కుట్టిచ్చినా. రెండు గుప్పిళ్ళు తీసుకున్నా. అక్క బిడ్డకు, తొట్టెలోకి, చాలు గదా అనుకున్నా."

మా ఆయన తలుపుకు ఆనుకుని అట్టాగే జారి కూర్చున్నాడు.

నవోమి ఏమైనా అంటుందని చూసినాను. దూదికి చావుకు సంబంధం లేదని, పిచ్చి మాటలని, చదువుకున్న మనిషి గదా, అంటుందని. ఆమె మాత్రం ముంతాజ్ వైపు చూస్తా ఉంది.

"పెదనాయన్ను రానీ," అన్నాడు రహ్మాన్. "బండి తేనీ. నన్ను కట్టేస్తేనే మేలు. ఈ చేతులు కట్టేస్తే మేలు. అక్కా, నువ్వు చెప్పు వాళ్ళకు."

ముంతాజ్ దిండు వైపు చూస్తా ఉంది.

"అక్కా."

అది వాడి చేతిలోంచి తన చెయ్యి తీసుకునింది. తీసుకుని ఆ దిండు మీద పెట్టింది. పెట్టి, గడ్డలు కట్టిన దూదిని వేళ్ళతో నొక్కుతా కూర్చుంది. అది వాణ్ణి కొడుతుందేమో అనుకున్నాను. లేచి పోతుందేమో, అల్లుడింటికి పోయి మళ్ళీ మా గడప తొక్కదేమో అనుకున్నాను. ఒక్క దినాన ఇద్దరు బిడ్డలూ నాకు లేకుండా పోతారనుకున్నాను. మాట వచ్చినవాడు రేపు స్తంభానికి పోతానంటున్నాడు. మాట ఉన్న కూతురు మూగదయింది.

గదిలోకి ఎండ వచ్చి చాప అంచు ఎక్కింది. పంచలో పెద్దమనిషి దగ్గినాడు. నాగులమ్మ ఆయన్ను ఏదో అడిగింది, ఆయన ఏదో చెప్పినాడు. ఆ మాటలూ ఆగిపోయినాయి. నవోమి గడియారం వైపు చూడలేదు.

నేనే ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచినాను. నవోమి తల కూడా తిప్పకుండా నా మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"జ్వరం పరుపు కంటే ముందొచ్చింది రా," అంది ముంతాజ్.

దిండు మీద నుంచి చెయ్యి తీయలేదు. తమ్ముణ్ణి చూడలేదు. నన్ను చూసింది.

"నలభై నీళ్ళకు ముందు నుంచే బిడ్డ ఒళ్ళు కాలతా ఉండింది. పాలు పట్టేవాడు కాదు. అమ్మకు తెలిస్తే భయపడి పోతుందని, గుండెలు బాదుకుంటుందని, నేనే ఎవరికీ చెప్పలా. నిద్రపోతా ఉండాడని చెప్పినా."